ఏసీలో ఆ టన్ను ఎక్కడిది? చెరువు మీద ఐసు కోసిన కాలం లెక్కలు

ఏసీ కొనడానికి వెళ్తే షాపువాళ్లు గది కొలతలు అడిగి "ఒకటిన్నర టన్ను సరిపోతుంది సార్" అంటారు. ఆ టన్ను ఏసీ బరువు కాదు. 2,000 పౌన్ల ఐసు, అంటే 907 కిలోలు, 24 గంటల్లో పూర్తిగా కరుగుతూ చుట్టుపక్కల నుంచి ఎంత వేడి లాక్కుంటుందో, అంత వేడిని లాగే యంత్రం ఒక టన్ను యంత్రం. వేడిని కొలిచే బీటీయూల్లో గంటకు 12,000, వాట్లలో సుమారు 3,517. చల్లబరిచే యంత్రాలు బజారుకొచ్చిన కొత్తలో కొనేవాళ్లకు తెలిసిన కొలత ఐసు ఒక్కటే. రోజుకు ఇన్ని టన్నుల ఐసు చేసే పని ఈ యంత్రం చేస్తుందంటేనే వాళ్లకు బేరం అర్థమయ్యేది. యంత్రం మిగిలింది, ఐసు పోయింది, కొలత మాత్రం బిల్లు మీద అలాగే ఉంది.

వాళ్లకు తెలిసిన ఆ ఐసు చాలావరకు ఫ్యాక్టరీది కాదు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద గుర్రాలతో నాగళ్లు తోలి కోసింది. అమెరికాలో మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాల చెరువుల్లో, నదుల్లో కోసిన గడ్డలు బోస్టన్ రేవులో ఓడెక్కి, ఆఫ్రికా కొస చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి కలకత్తా, బొంబాయి, మద్రాసు చేరేవి. ఇది విన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: కరక్కుండా ఎలా వచ్చింది?

కరిగింది. బాగా కరిగింది. ఐసు కరక్కుండా ఆపడం ఆ వ్యాపారంలో ఎవరి వల్లా కాలేదు, ఎవరూ ఆ పట్టు పట్టలేదు కూడా. ఎంత కరుగుతుంది, ఎక్కడ కరుగుతుంది, కరిగిన నీళ్లు ఎటు పోతాయి అన్న మూడు లెక్కలు ఎవరికి కుదిరితే వాళ్లు నిలిచారు.

ముందు ఒక మాట. తెలుగులో ఆకాశం నుంచి పడేదీ మంచే, గడ్డకట్టిందీ మంచే, పొద్దున్నే పొలం మీద పరుచుకునేదీ మంచే. ఇక్కడ ఆ గందరగోళం పనికిరాదు. పైనుంచి పొడిలా పడేది మంచు, నీళ్లు గడ్డకడితే ఐసు. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని కాసేపట్లో తెలుస్తుంది.

సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో ఐసు సున్నా డిగ్రీల నీళ్లుగా మారడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే గడ్డ కరగడం మనకు కనిపించినంత తేలిక పని కాదు. రెండో సంగతి, వేడి చొరబడేది పైచర్మం గుండానే. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న దిమ్మకు ఒక ఘనపు మీటరు ఐసుకు ఆరు చదరపు మీటర్ల చర్మం ఉంటుంది. అన్ని వైపులా పది మీటర్లుండే కుప్పలో అదే ఘనపు మీటరు వాటాకు 0.6 చదరపు మీటర్లే వస్తుంది. పెద్ద కుప్పలో కిలోకు పడే నష్టం పదో వంతన్న మాట. గ్లాసులో వేసిన ముక్క పది నిమిషాల్లో మాయమవుతుంది, గోడౌనులో కుప్ప ఏడాది దాటుతుంది. రెండూ ఒకే ఐసు.

కోత

చెరువు గడ్డకట్టడం పైనుంచి కిందికి జరుగుతుంది. పైన పట్టిన పొరే కింది నీళ్లకు కప్పులా తయారై చలిని అడ్డుకుంటుంది. అందుకే మందం రెండింతలు కావాలంటే అందవలసిన చలి రెండింతలు కాదు, నాలుగింతలు. మొదటి నాలుగంగుళాలు త్వరగా వస్తాయి, చివరి నాలుగంగుళాలు ఎంతకీ రావు. ఈలోగా పైన మంచు పడిందా, పని చెడినట్టే. పడ్డ మంచులో ఉండేది ఎక్కువగా గాలే కాబట్టి అది దూదిపరుపులా పనిచేసి, కింద ఐసు పెరగడాన్ని దాదాపు ఆపేస్తుంది. గుర్రాలకు వెడల్పాటి చెక్కపలకలు కట్టి, మంచు పడ్డప్పుడల్లా చెరువు ఊడ్చేవారు. కోతకు పట్టే రోజుల కన్నా ఊడ్పుకు పట్టే రోజులే ఎక్కువగా ఉండే ఏళ్లుండేవి.

ఐసు ఇంకా గుర్రాన్ని మోసే మందానికి రాకముందే పెద్ద మంచు పడితే ఇంకో ఉపాయం. బరమాతో పొరలో అక్కడక్కడా బెజ్జాలు వేసేవారు. మంచు బరువుకు పొర కుంగి, బెజ్జాల్లోంచి నీళ్లు పైకొచ్చి మంచును తడిపి, అదంతా తెల్లటి ఐసుగా గడ్డకట్టేది. నాసిరకం సరుకే, ముందు గుర్రం నిలబడే చోటు దొరకాలి కదా. కోతప్పుడు ఆ తెల్లపొరను పదునైన పలకతో చిత్రిక పట్టి తీసేసేవారు.

ఎగుమతికి కనీసం అడుగు మందం, వీలైతే అడుగున్నర కావాలి. ఎకరా చెరువులో అడుగు మందం ఐసంటే దాదాపు 1,100 టన్నులు. దీన్ని మొదట్లో గొడ్డళ్లతో, చేతిరంపాలతో అడ్డదిడ్డంగా కోసేవారు. 1825లో నథానియల్ వైత్ అనే ఆయన గుర్రం లాగే ఐసు నాగలి తయారుచేశాక కథ మారింది.

ఆ నాగలి మన నాగలి లాంటిది కాదు, పొడవాటి రంపానికి దగ్గర. వరసగా ఉక్కు పళ్లుంటాయి. ముందు పన్ను కన్నా వెనక పన్ను కాస్త కిందికి దిగి ఉంటుంది కాబట్టి ప్రతి పన్నూ కొంచెం కొంచెమే గీరుకుంటూ పోతుంది. ఒక విడత తోలితే గాడి రెండు మూడంగుళాలు దిగుతుంది. మొదటి సాలు దారం పట్టి, పలక ఆనించి గీస్తారు. అక్కడి నుంచి గుర్తుపనిముట్టు వస్తుంది. దానికి పక్కన ఒక ఇనుప చువ్వ ఉంటుంది. చువ్వ పాత గాడిలో నడుస్తుంటే పళ్లు సరిగ్గా 22 అంగుళాల అవతల కొత్త గాడి వేస్తాయి. గొర్రు తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మొదటి సాలు వంకర పోతే చివరి సాలు దాకా అదే వంకర. నిలువుసాళ్లు అయ్యాక మూలమట్టం పెట్టి చూసి అడ్డసాళ్లు వేస్తారు. చెరువు మీద చదరంగం బల్ల పరిచినట్టు ఉంటుంది.

మూలమట్టం మీద అంత పట్టుదల ఎందుకంటే, కోణం తప్పిన గడ్డ పక్కగడ్డకు అతకదు. అతకని చోట సందు, సందులో గాలి, గాలి తిరిగిన చోట కరుగుడు. జనవరిలో చెరువు మీద తప్పిన అర అంగుళానికి ఆగస్టులో ఓడ అడుగున నీళ్ల రూపంలో జరిమానా పడుతుంది.

గాడిని పూర్తి లోతుకు దింపరు. మందంలో మూడింట రెండు వంతులు కోసి ఆపేస్తారు. మిగిలిన వంతు మీదే గుర్రాలు, మనుషులు నడవాలి, చెరువంతా ఒకే పలకగా నిలవాలి. ఆ తర్వాత వరసలు వరసలుగా పొడవాటి తెప్పల్లా విడగొడతారు. చివర రెండు వైపులా చేతిరంపం, మధ్యలో గాడిలోకి వెడల్పాటి మొన ఉన్న గునపం. సరైన చోట ఒక్క పోటు పొడిస్తే తెప్ప టప్పున విడిపోతుంది. చలి గట్టిగా ఉన్న రోజు గీత గీసినట్టు పగులుతుంది. ఎండ తగిలి మెత్తబడ్డ రోజు పగులు పక్కకు పారిపోయి గడ్డ మూలలు ఊడిపోతాయి.

ఇక్కడ అందరూ చేసే తప్పు గాడిలోకి నీళ్లు రానివ్వడం. తెప్ప విడగొట్టగానే పక్కన తెరుచుకున్న కాలవలోంచి నీళ్లు మిగిలిన గాళ్లలోకి ఎగబాకుతాయి. రాత్రికి గడ్డకడతాయి. తెల్లారేసరికి నిన్నటి దున్నకం మొత్తం అతుక్కుపోయి ఉంటుంది, మళ్లీ మొదటికి. అందుకే నీళ్ల వైపున్న గాళ్ల కొసల్లో ఐసు రజను కూరి, బిగగొట్టి, దారి మూసేవారు. వాన పడితే మాత్రం చేసేదేమీ లేదు.

22 అంగుళాల చదరం, అడుగు మందం ఉన్న గడ్డ 87 కిలోలు తూగుతుంది. నేల మీద దాన్ని కదపడానికి ఇద్దరు కావాలి. నీళ్లలో అలా కాదు. పదింట తొమ్మిది వంతులు మునిగి తేలుతుంది కాబట్టి అలాంటి గడ్డలు పదులకొద్దీ ఉన్న తెప్పను ఒక్క మనిషి కొక్కెం కర్రతో కాలవ వెంట నెట్టుకుపోతాడు. మోత కూలి చెరువే భరించేది. ఒడ్డు చేరాక గొలుసు నిచ్చెన మీద గోడౌనులోకి ఎక్కిస్తారు. మొదట్లో గుర్రాలు లాగేవి, తర్వాత ఆవిరి ఇంజను.

గుర్రాలకు మొనలున్న నాడాలు కొట్టేవారు. అయినా పగుళ్ల దగ్గర పొర విరిగి గుర్రం నీళ్లలో పడేది, ప్రతి సీజనులోనూ. అందుకే ప్రతి గుర్రం మెడకూ ఒక ఉచ్చుతాడు వదులుగా వేసి ఉంచేవారు. పడగానే ఆ తాడు గట్టిగా లాగి ఊపిరి బిగబట్టేలా చేస్తారు. వినడానికి దారుణంగా ఉంటుంది. ఉచ్చు బిగిస్తే గుర్రం కొట్టుకోవడం ఆపుతుంది, రొమ్ములో గాలి నిలిచి నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు కింద పలకలు తోసి పక్కకు పొర్లిస్తూ ఐసు మీదికి లాగుతారు. వెంటనే ఉచ్చు వదలాలి, కంబళ్లు కప్పాలి, ఆపకుండా నడిపించాలి. కొట్టుకోనిస్తే చుట్టూ ఉన్న పొరంతా విరిగి, కాపాడబోయినవాళ్లూ లోపలికే పోతారు. గుర్రాల పేడ ఎత్తడానికి ప్రత్యేకంగా కుర్రాళ్లను పెట్టేవారు. కోసేది తినే పదార్థాల పక్కన పెట్టే సరుకు మరి.

నిలవ, ప్రయాణం

ఐసు గోడౌను గోడలు రెండేసి. మధ్య సందులో అడుగు దాకా రంపపు పొట్టు. మెయిన్‌లో కోతమిల్లులకు ఆ పొట్టు పెద్ద బెడద, నదిలో పారబోసేవారు. ఐసు వ్యాపారంతో అది సరుకైంది. వేడిని ఆపేది పొట్టు కాదు, పొట్టు రేణువుల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి. తడిసిన పొట్టులో ఆ గాలి ఉండదు, నీళ్లుంటాయి, నీళ్లు వేడిని మోస్తాయి. కాబట్టి పొట్టు ఎంత మందం అన్నదాని కన్నా ఎంత పొడిగా ఉందన్నదే ముఖ్యం.

నేల వాలుగా ఉండి, కరిగిన నీళ్లు తూము గుండా బయటికి పోవాలి. ఆ తూమును అలాగే తెరిచి ఉంచితే ఇంకో గండి. చల్లగాలి బరువు, అది కూడా నీళ్లలాగే తూములోంచి కారిపోతుంది, దాని స్థానంలో పైనుంచి వేడిగాలి దిగుతుంది. అందుకే తూము కొసన వంపు పెట్టి కొంచెం నీళ్లు ఎప్పుడూ నిలిచేలా చేసేవారు. మన వాష్‌బేసిన్ కింద వంపు గొట్టం ఉంటుందే, అదే కిటుకు. పైకప్పులో మాత్రం గాలి ఆడాలి, లేకపోతే ఎండ వేడి, ఆవిరి కప్పు కిందే నిలిచి ఐసు మీద పడతాయి. గడ్డల వరసలను గోడ కట్టినట్టు అతుకు మీద అతుకు రాకుండా పేరుస్తారు.

ఓడ సంగతి వేరు. ఈ వ్యాపారం మొదలుపెట్టిన బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ టూడర్ 1806లో ఫేవరిట్ అనే ఓడలో 130 టన్నుల ఐసు కరీబియన్ దీవి మార్టినిక్‌కు పంపాడు. సరుకు చేరింది. దించుకోవడానికి అక్కడ గోడౌను లేదు. రేవులో కళ్ల ముందే కరిగి కొన్ని వేల డాలర్ల నష్టం వచ్చింది. ఓడలో నిలిచిన ఐసు ఒడ్డున పోయిందంటే లోపం ప్రయాణంలో లేదని అర్థం. తర్వాత ఆయన ఏ ఊరికి సరుకు పంపినా ఐసు ఇల్లు సంగతి తేల్చుకునేవాడు.

కలకత్తాకు మొదటి ఓడ టస్కనీ. 1833 మే 12న బోస్టన్‌లో 180 టన్నులతో బయలుదేరి సెప్టెంబరులో చేరింది, దాదాపు 100 టన్నులు మిగిలాయి. నలభై శాతానికి పైగా పోయిందని ముక్కున వేలేసుకోకుండా లెక్క కట్టి చూడండి. 120 రోజుల్లో 80 టన్నులు అంటే రోజుకు మూడింట రెండు వంతుల టన్ను. ఏసీ భాషలో చెబితే ఉష్ణమండలం మీదుగా నాలుగు నెలలు తేలిన ఆ సరుకులోకి చొరబడిన వేడి సగటున రెండున్నర కిలోవాట్లు. మన పడగ్గదిలో ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తిగా నడిస్తే లాగే వేడిలో సగం. చెక్కపలకలు, తోళ్లు ఊనడానికి వాడి వదిలేసిన చెట్టుబెరడు పిప్పి, గడ్డి, ఇంతే వాళ్ల సామగ్రి.

ఓడ లోపల గడ్డల మధ్య వేలు దూరే సందు కూడా ఉండకూడదు. కరుగుతున్నకొద్దీ కుప్ప వదులవుతుంది. వదులైన కుప్ప అలలకు ఒక పక్కకు జారితే ఓడ ఒరుగుతుంది. అడుగున చేరిన నీళ్లను పంపుతో తోడుతూనే ఉండాలి, గడ్డ నీళ్లలో కూర్చుంటే గాలిలో కన్నా ఎన్నో రెట్లు త్వరగా పోతుంది.

నష్టం పోయినా గిట్టుబాటు ఎలా అంటే, బోస్టన్ నుంచి ఇండియాకు వచ్చే ఓడలకు వచ్చేటప్పుడు సరుకు తక్కువ, వెళ్లేటప్పుడు ఎక్కువ. ఖాళీ ఓడ తూలకుండా రాళ్లు నింపుకుని రావాలి. రాళ్ల బదులు ఐసు. కిరాయి చవక. కలకత్తాలో కస్టమ్స్ వాళ్లు ఐసు మీద సుంకం ఎత్తేశారు, రాత్రిపూట దించుకోవడానికి అనుమతిచ్చారు. ఈ రెండో వెసులుబాటే ఎక్కువ విలువైంది.

దానికి ముందు ఇక్కడ చల్లదనం లేదని కాదు. సురేకారం నీళ్లలో కలిపితే నీళ్లు చల్లబడతాయి. దొరల ఇళ్లలో ఆ పనికి ఆబ్దార్ అని ఒక మనిషే ఉండేవాడు. హుగ్లీ దగ్గర చలికాలపు రాత్రుల్లో గుంటల్లో గడ్డి పరిచి, దాని మీద లోతు లేని మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి, పలచటి ఐసు పొరలు తీసేవారు. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా, కదలకుండా ఉంటే మూకుడు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ గాలి సున్నా కన్నా పైనున్నా గడ్డకడుతుంది. మట్టితో కలిసిన ముద్దలాంటి సరుకు. మన కోస్తాలో అదీ కుదరదు. ఇక్కడి రాత్రి గాలిలో తేమ, వేడి రెండూ ఎక్కువే.

కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని మద్రాసు. అక్కడ ఐసు ఇల్లు 1842లో సముద్రం ఒడ్డునే కట్టారు. కారణం చూడగానే తెలుస్తుంది. మద్రాసుకు అప్పుడు ఓడరేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు అలల మీదుగా ఒడ్డుకు రావాలి. మేకులు కొట్టిన పడవైతే ఆ అలలకు విరుగుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. నాలుగు నెలలు సాగిన జాగ్రత్తంతా ఆ చివరి మైలులో, నెత్తిన ఎండతో, తడి పడవలో తేలిపోవాలి. ఒడ్డు నుంచి గోడౌను ఎన్ని అడుగులు దూరమైతే అన్ని కిలోలు నష్టం. టూడర్ ఇండియాలో కట్టించిన మూడు ఐసు ఇళ్లలో ఇదొక్కటే మిగిలింది. ఐసు వ్యాపారం పోయాక బిళిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది చేతికొచ్చి, 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద బస చేసిన ఇల్లయింది. ఇప్పుడు వివేకానందర్ ఇల్లం. చుట్టుపక్కల పేటను మాత్రం చెన్నైలో ఇంకా ఐస్ హౌస్ అనే పిలుస్తారు.

ఇంటింటికీ

అమెరికా ఊళ్లలో ఐసు బండి పాలబండిలా రోజూ తిరిగేది. ఇంటివాళ్లు కిటికీలో చదరపు అట్ట ఒకటి పెట్టేవారు. నాలుగు అంచుల మీద 25, 50, 75, 100 అని అంకెలుంటాయి. ఏ అంకె నిటారుగా ఉంటే అన్ని పౌన్లు కావాలని అర్థం. బండివాడు మేడెక్కి అడిగి, మళ్లీ దిగి, మళ్లీ మోసుకెళ్లే పని తప్పేది. గడ్డను మొనదేలిన ఇనుప సూదితో గీత వెంట పొడిచి విడగొట్టి, బండి వెనక వేలాడే త్రాసులో తూచి, పటకారుతో పట్టి, భుజం మీద తోలు పరుచుకుని మోసేవాడు. తూకం గొడవలు రోజూ ఉండేవి. బండి దగ్గర తూచింది మూడో అంతస్తుకు చేరేసరికి తగ్గుతుంది. ఎవరి తప్పూ కాదు, ఇద్దరూ ఒప్పుకోరు.

ఇంట్లో ఐసుపెట్టెకు రెండు గోడల చెక్క బీరువా, లోపల జింకు రేకు, మధ్యలో బెండు లేదా రంపపు పొట్టు. ఐసు గది పైన. చల్లగాలి కిందికి దిగి, సామాన్ల మీదుగా తిరిగి, వేడెక్కి, ఇంకో పక్కనుంచి ఎక్కి మళ్లీ ఐసును తాకుతుంది. కాబట్టి పాలు, వెన్న ఐసు గదికి సరిగ్గా కింద పెట్టాలి. ఉల్లి, చేప లాంటి వాసన సరుకులు అవతలి పక్క పై అరలో పెట్టాలి. అక్కడి నుంచి గాలి నేరుగా ఐసు దగ్గరికి పోతుంది, తడి గడ్డ వాసనను కొంత పట్టేసుకుని తూములోంచి పంపేస్తుంది. అరలు కిక్కిరిసేలా నింపితే గాలి తిరగక ఈ ఏర్పాటంతా వృథా.

పొదుపరులు చేసే పొరపాటు ఒకటుంది. ఐసు ఎక్కువ రోజులు రావాలని గడ్డకు కాగితాలో కంబళో చుట్టి పెట్టెలో పెట్టేవారు. ఐసు నిజంగానే మిగిలేది. పాలు మాత్రం విరిగేవి. గడ్డ వేడిని లాగేది కరిగేటప్పుడే. గోడౌనులో కప్పడం ఎంత సరైన పనో పెట్టెలో కప్పడం అంత తప్పు. అడుగున నీళ్ల పళ్లెం రోజూ పారబోయడం మర్చిపోతే వంటగది తడిసేది. తూము గొట్టంలో జిగట పేరుకుంటే నీళ్లు వెనక్కి ఎక్కేవి.

ఈ వ్యాపారాన్ని ముంచింది ఒక్క యంత్రం కాదు. ఊళ్లు పెరిగి చెరువుల్లోకి మురుగు చేరింది, దానితో టైఫాయిడ్ భయం పట్టుకుంది. 1890 లాంటి వెచ్చటి చలికాలాల్లో చాలాచోట్ల కోతే లేకపోయింది. మద్రాసులో 1874కే ఆవిరి యంత్రంతో ఐసు తయారీ మొదలైంది, మరికొన్నేళ్లలో బోస్టన్ ఓడల అవసరం తీరిపోయింది. మెయిన్‌లో సౌత్ బ్రిస్టల్ అనే ఊళ్లో మాత్రం పాత ఐసు ఇంటిని మ్యూజియంగా నిలబెట్టి, ఫిబ్రవరిలో ఊరివాళ్లు ఇంకా పాత పనిముట్లతోనే చెరువు కోస్తారు.

అక్కడి గడ్డనూ, విశాఖ, కాకినాడ రేవుల్లో చేపల బోట్లకెక్కించే ఐసు బారునూ పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది. ఫ్యాక్టరీ బారు డబ్బాలో నాలుగు వైపుల నుంచీ గడ్డకడుతూ, నీళ్లలోని గాలినీ ఉప్పునూ నడిమికి నెడుతుంది. అందుకే మధ్యలో తెల్లటి గుంజు. చెరువు గడ్డ పైనుంచి కిందికి ఒకే వైపు పెరుగుతుంది, గాలి, మలినాలు కింది నీళ్లలోకే పోతాయి. పైపొర చిత్రిక పడితే అద్దంలా ఉంటుంది. బారును ఎండలో దూరం తీసుకెళ్లాల్సి వస్తే మాత్రం గోనె కప్పడం, ఊక చల్లడం ఇప్పటికీ మారలేదు. ఆ ఊక కూడా పొడిగానే ఉండాలి.